పొగ పోయే దారి

"ఇల్లు చూసి ఇల్లాలిని చూడు" అన్నారు మన పెద్దలు. ఫిలింనగర్ బస్తీలో ఒక సోదరి ఇంటికి వెళ్ళిన రోజున ఆ మాట మాకు వేరే అర్థంలో గుర్తుకు వచ్చింది. ఆమె వంట చేసే రేకుల పాక కప్పు లోపలివైపు తారు పూసినట్టు నల్లగా ఉంది. వేలితో తాకితే వేలికి అంటుకుంది. కప్పే ఇలా ఉంటే, పదకొండేళ్ళుగా దాని క్రింద కూర్చుని ఊపిరి పీల్చిన మనిషి రొమ్ము లోపల ఎలా ఉంటుంది?

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ అనగానే అందరికీ అద్దాల మేడలు, సినిమా తారల ఇళ్ళు గుర్తుకు వస్తాయి. 1976లో బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో, 1989లో ఫిలింనగర్‌లో రామానాయుడు స్టూడియో వచ్చాయి. మద్రాసులో ఉన్న తెలుగు సినిమా మెల్లమెల్లగా ఈ కొండరాళ్ళ మీదికి చేరింది. సినిమాతోపాటు దీపాలు మోసేవారు, సెట్లు కట్టే వడ్రంగులు, రంగులు వేసేవారు, వంటవారు కూడా వచ్చారు. మేడలకు కూతవేటు దూరంలోనే, రాళ్ళ సందుల్లో, ఏటవాలు నేలమీద వారి ఇళ్ళు వెలిశాయి. మేము చెప్పబోయేది ఆ ఇళ్ళలో ఒకదాని పొయ్యి కథ.

ఆ సోదరి భర్త లైట్ల విభాగంలో పని చేసేవాడు. ఆయన పోయాక ఆమె షూటింగు పనివారికి మధ్యాహ్నం భోజనం వండి పంపడం మొదలుపెట్టింది. రోజుకు అరవై క్యారేజీలు. ఇంట్లో గ్యాస్ సిలిండరు ఉంది, కాదనలేము. కానీ ఇంటి సిలిండరు వ్యాపారానికి వాడకూడదు, అది చట్టం. వ్యాపారానికిచ్చే పెద్ద సిలిండరు కొంటే మిగిలేది ఏమీ ఉండదు. అందుకని మూడు రాళ్ళు, కట్టెలు, పెద్ద గుండిగ. తెల్లవారుజాము నాలుగింటి నుండి పదింటి వరకు పొగ.

ఆమెకు మూడేళ్ళ మనవడు ఉన్నాడు. తల్లి పనికి పోతే పిల్లవాడు అమ్మమ్మ కొంగు పట్టుకునే ఉంటాడు. ఆ చలికాలంలో వాడికి రెండుసార్లు ఆయాసం వచ్చింది. "పిల్లవాడిని పొగకు దూరంగా ఉంచమ్మా" అని డాక్టరు చెప్పాడట. "ఎక్కడ ఉంచమంటారమ్మా? ఇల్లంటే ఒక్క గది. పాక ఆ గదిని ఆనుకునే ఉందాయె" అని ఆమె మమ్మల్ని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. మా సహవాసం నుండి వెళ్ళిన నలుగురమూ ఆ రాత్రి కూర్చుని ఆలోచించి, ఒక పొగగొట్టం పెట్టిద్దామని నిర్ణయించుకున్నాము.

గొట్టమే కదా, అదెంత పని అనుకున్నాము. ఎంత పనో తర్వాత తెలిసింది.

మా మొదటి తప్పు

ఒక దుకాణంలో చవకగా దొరికిందని నాలుగంగుళాల ప్లాస్టిక్ గొట్టం తెచ్చాము. నీళ్ళకు వాడే పి.వి.సి. గొట్టం. మూడు రాళ్ళ పొయ్యి ప్రక్కన నిలబెట్టి కప్పులోంచి పైకి తీశాము. మొదటి రోజే రెండు సంగతులు అర్థమయ్యాయి. ఒకటి, నాలుగు వైపులా తెరిచి ఉన్న పొయ్యి ప్రక్కన ఎంత గొప్ప గొట్టం పెట్టినా పొగ దానిలోకి పోదు, గదిలోకే వస్తుంది. రెండు, గంటలోపే గొట్టం మొదలు మెత్తబడి వంకర తిరిగింది. పి.వి.సి. ఎనభై డిగ్రీల వేడి దగ్గరే మెత్తబడుతుంది. కాలితే ఊపిరితిత్తులను కోసే ఆమ్లపు పొగ వదులుతుంది. ఒక పొగ తీయబోయి మరింత చెడ్డ పొగ తెచ్చిపెట్టాము. వెంటనే పీకేశాము.

మాలో ఒకరు చాలాకాలం లేతు కార్ఖానాలో పని చేసినవారు. "ముందు పొయ్యి సంగతి చూడండి, తర్వాత గొట్టం సంగతి చూద్దాం" అన్నారు. అప్పుడు గాని మేము నేర్చుకోవడం మొదలుపెట్టలేదు.

హైదరాబాదులోనే పుట్టిన పొయ్యి

వెతుకుతూ పోతే, ఈ సమస్యకు జవాబు మన ఊళ్ళోనే, డెబ్బై ఏళ్ళ క్రితమే తయారైందని తెలిసింది. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనా ప్రయోగశాలలో డాక్టర్ ఎస్.పి. రాజు అనే ఇంజనీరు పొగలేని పొయ్యిని రూపొందించారు. ఆ ప్రయోగశాల ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలతో దానిని 'హెచ్.ఇ.ఆర్.ఎల్. చుల్లా' అన్నారు. మట్టితో కట్టిన మూసిన పొయ్యి, గిన్నెలు గట్టిగా కూర్చునే రంధ్రాలు, చివర పొగగొట్టం, మంటను అదుపు చేసే పలక. దీనిని గురించి ఆయన వ్రాసిన 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అనే పుస్తకాన్ని 1953లో మద్రాసులోని క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ ప్రచురించింది. పేదింటి ఇల్లాలి కళ్ళమంట ఒక ఇంజనీరుకు పట్టింది. దానిని పుస్తకంగా వేయాలని ఒక క్రైస్తవ ప్రచురణ సంస్థకు తోచింది. ఈ సంగతి తెలిసినప్పుడు మాకు సంతోషమూ కలిగింది, సిగ్గూ కలిగింది.

ఆ తర్వాత 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ పథకం ప్రారంభించి, 2002లో దానిని ఆపే నాటికి దేశమంతటా మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టించింది. మన రాష్ట్రంలో 1999లో 'దీపం' పథకం, 2016లో దేశమంతటా 'ఉజ్జ్వల' పథకం గ్యాస్ కనెక్షన్లు ఇచ్చాయి. అయినా కట్టెల పొయ్యి పోలేదు. స్నానాల నీళ్ళకు, పెళ్ళి వంటలకు, క్యారేజీ భోజనాలకు అది వెలుగుతూనే ఉంది. జూబ్లీహిల్స్‌లో కట్టెల మంట మీద పిజ్జా కాల్చే హోటళ్ళు కూడా ఉన్నాయి. తేడా ఒక్కటే. అక్కడ పొగగొట్టం ఉంటుంది.

గొట్టం పొగను ఎలా లాగుతుంది?

వేడిగాలి తేలిక, చల్లగాలి బరువు. గొట్టం నిండా వేడిగాలి ఉంటే అది పైకి లేస్తుంది. ఆ ఖాళీని నింపడానికి పొయ్యి నోటిలోనుండి కొత్త గాలి లోపలికి దూకుతుంది. ఇంతే రహస్యం. గొట్టం ఎంత ఎత్తుగా, ఎంత నిటారుగా, ఎంత వెచ్చగా ఉంటే అంత బాగా లాగుతుంది. దారిలో ఎక్కడ సందు ఉన్నా చల్లగాలి దూరి లాగే బలం తగ్గిపోతుంది. అందుకనే మూడు రాళ్ళను తీసివేసి, ఇటుక, బంకమట్టితో రెండు రంధ్రాల పొయ్యి కట్టించాము. ముందు రంధ్రం మీద గుండిగ, వెనుక రంధ్రం మీద పప్పు గిన్నె. రెండవ రంధ్రం ఖాళీగా ఉంటే దానిమీద మూత తప్పకుండా ఉండాలి.

ఏ గొట్టం ఎన్నుకోవాలి?

రాణిగంజ్ వీధుల్లో ఒక రోజంతా తిరిగాము. మేము నేర్చుకున్నది వరుసగా చెబుతాము.

సిమెంటు గొట్టం: ఆస్‌బెస్టాస్ కలిపిన సిమెంటు గొట్టాలు ఒకప్పుడు ఈ పొయ్యిలకు విరివిగా వాడారు. చవక, తుప్పు పట్టదు. కానీ కోసినా, పగిలినా దానినుండి లేచే సన్నని నార ఊపిరితిత్తులలో చేరి క్యాన్సరు తెస్తుంది. ఊపిరి కాపాడుకోవడానికి పెట్టే గొట్టం అలాంటిది కాకూడదు. పాతది బిగించి ఉంటే దానిని కోయకండి, పగులగొట్టకండి.

జి.ఐ. రేకు గొట్టం: ఇనుప రేకుకు జింకు పూత వేసినది. వానకు తట్టుకుంటుంది, రేకుల మేస్త్రీ ఎవరైనా చుట్టి ఇస్తాడు. కానీ జింకు 420 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, అంతకు చాలా ముందే పూత చెడిపోవడం మొదలవుతుంది. జింకు పొగ పీలిస్తే చలిజ్వరం వంటిది వస్తుందని వెల్డింగు పనివారికి తెలుసు. కనుక పొయ్యికి తగిలే మొదటి మూడడుగులు జి.ఐ. పెట్టకూడదు. ఆ భాగం ఇటుక మట్టితో గాని, పూత లేని మందపాటి నల్ల ఇనుప గొట్టంతో గాని ఉండాలి. ఆ పైన జి.ఐ. పనికి వస్తుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం: అన్నిటికంటే మేలైనది. వేడికీ, వానకూ నిలుస్తుంది. ఖరీదు ఎక్కువ. స్తోమత ఉన్నవారు ఇదే కొనడం మంచిది.

రేకు మందం అడిగేటప్పుడు ఒక చిక్కు ఉంది. గేజి అంకె పెరిగే కొద్దీ రేకు పలుచబడుతుంది. 28 గేజి చవకగా ఇస్తారు గాని త్వరలోనే చిల్లులు పడుతుంది. మేము క్రింది ముక్కకు 16 గేజి నల్ల ఇనుము, పైన 22 గేజి జి.ఐ. తీసుకున్నాము.

ఎంత లావు, ఎంత ఎత్తు?

పొయ్యి వెనుక పొగ బయటికి వచ్చే రంధ్రం ఎంత ఉందో గొట్టం లావు అంత ఉండాలి. మధ్యలో ఎక్కడా సన్నబడకూడదు. డబ్బు కలిసివస్తుందని ఒక అంగుళం తగ్గించబోతాము. లెక్క చూడండి: నాలుగంగుళాల గొట్టం నోరు పన్నెండున్నర చదరపు అంగుళాలు, మూడంగుళాల గొట్టం నోరు ఏడు మాత్రమే. ఒక అంగుళం తగ్గిస్తే దారి దాదాపు సగమవుతుంది. ఇంటి పొయ్యికి నాలుగంగుళాలు సరిపోతుంది. ఆ సోదరిది పెద్ద గుండిగ పొయ్యి గనుక ఆరంగుళాలది పెట్టాము.

ఎత్తు విషయంలో మొత్తం పది పన్నెండు అడుగులకు తగ్గకుండా చూడాలి. కప్పును దాటే చోట నుండి కనీసం మూడడుగులు పైకి ఉండాలి. చుట్టూ పదడుగుల లోపల ఉన్న గోడ, కప్పు, నీళ్ళ ట్యాంకు వేటికన్నా రెండడుగులు ఎత్తుగా ఉండాలి. వంపులు రెండింటికి మించకూడదు. అడ్డంగా పోయే ముక్క ఎంత చిన్నదైతే అంత మంచిది, అదికూడా కొంచెం పైకి వాలి ఉండాలి.

ముక్కలు కలిపేటప్పుడు పై ముక్క చివర క్రింది ముక్క లోపలికి దిగాలి. అప్పుడు గొట్టంలో కారే నల్లని బంక బయటికి రాకుండా లోపలే క్రిందికి జారుతుంది. ప్రతి అతుకుకూ మూడు స్క్రూలు బిగించి, సందులు మట్టితో మూయాలి. పైన వానటోపీ పెట్టాలి. టోపీకీ గొట్టానికీ మధ్య ఖాళీ గొట్టం లావులో సగానికి తగ్గకూడదు, తగ్గితే పొగ వెనక్కి తంతుంది.

కప్పులోంచా, గోడలోంచా?

ఆ పాక కప్పు పాత సిమెంటు రేకులది. దానికి రంధ్రం చేస్తే ఆ నార గాలిలోకి లేస్తుంది. అందుకని గోడలోంచి బయటికి తీసి, అక్కడ నుండి నిటారుగా పైకి పంపాము. గోడలో గొట్టం చుట్టూ ఇటుక ముక్కలు, మట్టి నింపాము. గుడ్డపీలికలు, థర్మోకోలు పెట్టకూడదు. కట్టె, ప్లాస్టిక్, పరదా వంటి కాలే వస్తువులు గొట్టానికి అడుగున్నర దూరంలో ఉండాలి. పిల్లవాడి చేయి తగలకుండా చుట్టూ జాలీ కట్టించాము.

మరొక హెచ్చరిక. బస్తీలలో కరెంటు తీగలు ఇళ్ళ కప్పుల మీదుగా వేలాడుతుంటాయి. ఇనుప గొట్టం పైకెత్తేటప్పుడు తీగకు తగిలిందంటే ప్రాణానికే ముప్పు. ముందు పైకి చూడండి, తర్వాత గొట్టం ఎత్తండి. తీగ దగ్గరగా ఉంటే చోటే మార్చుకోవాలి.

పొగ పక్కింటికి పోతే?

గొట్టం నిలబడింది. పొయ్యి నోటి దగ్గర కొవ్వొత్తి పట్టి చూశాము. జ్వాల లోపలికి వంగింది. గొట్టం లాగుతున్నదని గుర్తు అదే. ఆ సోదరి ముఖం వెలిగింది. "కళ్ళు తుడుచుకోకుండా వండటం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి" అన్నది.

మరునాడు ఉదయం ఐదింటికే పై ఇంటి ఇల్లాలు దిగివచ్చింది. "ఏమమ్మా, నీ ఇంట్లో పొగ తీసి మా ఇంట్లో పోస్తావా? మా బిడ్డలు బిడ్డలు కారా?" అని నిలదీసింది. చూస్తే ఆమె మాట నిజమే. అది కొండవాలు. ఈ ఇంటి కప్పు పై ఇంటి కిటికీకి సమానంగా ఉంది. గొట్టం నోరు సరిగ్గా ఆ కిటికీ ఎదుట ఉంది. రెండడుగుల నియమం మాకు తెలుసు. కానీ ఆ కిటికీ పదడుగుల లోపల ఉన్నదని కొలవలేదు. చదును నేల మీద ఆలోచించినట్టు ఆలోచించాము.

మేము క్షమాపణ చెప్పాము. మరో ఆరడుగుల ముక్క చేయించి, పై ఇంటి కప్పును కూడా దాటించాము. ఎత్తు పెరిగింది గనుక గాలికి ఊగకుండా మూడు వైపులా తీగలతో లాగి కట్టాము. తీగ ఒకటి కట్టడానికి పై ఇంటివారి గోడే కావలసి వచ్చింది. ఆమె భర్త తానే మేకు కొట్టి పెట్టాడు. పొగగొట్టం పొగను మాయం చేయదు, దారి మాత్రమే చూపుతుంది. ఆ దారి చివర ఎవరున్నారో చూడటం మన బాధ్యత.

ఏది కాలుస్తున్నాము?

షూటింగు సెట్లు విప్పినప్పుడు మిగిలే ప్లైవుడ్ ముక్కలు, రంగు వేసిన చెక్కలు, థర్మోకోలు బస్తీలో సులువుగా దొరుకుతాయి. ఊరికే వచ్చేదని పొయ్యిలో పెడతారు. ప్లైవుడ్ జిగురులోనూ, రంగుల్లోనూ ఉండే రసాయనాలు పొగతోపాటు లేస్తాయి. థర్మోకోలు నల్లని విషపు పొగ ఇస్తుంది. ఏ గొట్టమూ దీనికి మందు కాదు. ఎండిన ఉత్త కట్టె మాత్రమే కాల్చాలి. పచ్చికట్టె బరువులో దాదాపు సగం నీరే. అది మండదు, ఉడుకుతుంది. దాని చల్లని పొగ గొట్టం లోపల తారులాగా పేరుకుంటుంది. ఆ తారు ఒకరోజు అంటుకుంటే గొట్టమే మండుతుంది. కట్టెలు చీల్చి, వాన తగలకుండా ఆరు నెలలు ఆరబెట్టి వాడితే కట్టె ఖర్చూ తగ్గుతుంది, పొగా తగ్గుతుంది.

నిప్పులు ఆరకముందే గొట్టాన్ని పూర్తిగా మూసివేయకండి. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడు గదిలో నిండి నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం కూడా అంతే ప్రమాదం.

పెట్టడం కాదు, నిలబెట్టడం

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2020లో ఇంటి పొగ వల్ల ప్రపంచమంతటా 32 లక్షల మంది మరణించారు. వారిలో 2 లక్షల 37 వేల మంది ఐదేళ్ళలోపు పిల్లలు. గొట్టం పెడితే మేలు జరుగుతుందా? గ్వాటెమాలా దేశపు కొండ గ్రామాలలో జరిపిన పరిశీలన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. పొగగొట్టం ఉన్న పొయ్యిలు పెట్టిన ఇళ్ళలో పిల్లలు పీల్చే పొగ సగానికి తగ్గింది. రక్తంలో ప్రాణవాయువు పడిపోయేంత తీవ్రమైన న్యుమోనియా దాదాపు మూడోవంతు తగ్గింది.

కానీ మన ప్రక్కనున్న ఒడిశాలో జరిపిన మరొక పరిశీలన వేరే సంగతి చెప్పింది. అక్కడా గొట్టం పొయ్యిలే ఇచ్చారు. మొదటి ఏడాది పొగ తగ్గింది, ఆ తర్వాత ఆ మేలు కనబడకుండా పోయింది. పొయ్యి పగిలితే బాగుచేయలేదు, గొట్టం మూసుకుపోతే తీయలేదు, చాలామంది వాడటమే తగ్గించారు. నాలుగేళ్ళు వెంటబడి చూసి వారు కనుగొన్న సత్యం ఇది. పొయ్యి ఇచ్చినవారు ఇచ్చి వెళ్ళిపోతే సరిపోదు.

ఇది చదివాక మేము ఒక నియమం పెట్టుకున్నాము. ప్రతి నెలా మొదటి శనివారం మాలో ఒకరు ఆ ఇంటికి వెళతారు. పొయ్యి చల్లబడ్డాక గొట్టం అడుగున ఉన్న మూత తీసి, పైనుండి త్రాటికి కొబ్బరిపీచు కట్ట కట్టి పైకీ క్రిందికీ లాగితే మసి రాలుతుంది. మొదటి నెలలో చిన్న తట్టెడు మసి వచ్చింది. దానిని చూసి ఆ సోదరి చాలాసేపు మాట్లాడలేదు. "ఇదంతా ఇన్నాళ్ళూ మా లోపలికే పోయిందా?" అన్నది.

పిల్లవాడి దగ్గు పూర్తిగా పోయిందని మేము చెప్పలేము. తర్వాతి చలికాలంలో ఆయాసం ఒక్కసారే వచ్చింది. ఆమె కళ్ళ ఎరుపు తగ్గింది. ఆమెకు చేతిలో నాలుగు డబ్బులు చేరిన రోజున గ్యాసుకే మారాలని మా కోరిక, ఆమె కోరిక కూడా అదే. అన్నిటికంటే మంచి పొగగొట్టం, పొగే లేని పొయ్యి. అంతవరకు ఈ గొట్టం నిలబడాలి.

ప్రియ పాఠకులారా, మీ వీధిలోనూ, మీ సంఘంలోనూ కట్టెల మీద వండుకునే ఇల్లు ఒకటైనా ఉంటుంది. ఈసారి అక్కడికి వెళ్ళినప్పుడు కూర రుచి ఎలా ఉందో చెప్పి ఊరుకోకండి, ఒకసారి తలెత్తి కప్పు చూడండి. అది నల్లగా ఉంటే ఒక కొలబద్ద, ఒక మేస్త్రీ, నలుగురు స్నేహితులు చాలు. గొట్టం పెట్టిన మరుసటి నెల కూడా వెళ్ళండి. ఆ పై నెల కూడా వెళ్ళండి.